పొయ్యి దగ్గర కూర్చోమన్నారు కదా!

హ్మార్‌త్లాంగ్ ఊరు,
సోమవారం

సంఘపెద్ద అయిన మామయ్యకు, మండుతున్న గుండెతో మేనల్లుడు రిన్‌సంగా రాసే వందనాలు.

మీ మోకాలి ఆపరేషన్ బాగా జరిగిందని విన్నాం. సంతోషం. మీరు ఐజోల్ ఆసుపత్రిలో పడుకోగానే ఇక్కడ సంఘం కూడా పడుకుంది. దాన్ని లేపడానికి నేనొక్కణ్ణే మిగిలాను.

దార్తంగి పిన్ని సంగతి చెబుతాను. మూడు ఆదివారాలుగా గుడి ముఖం చూడలేదు. పిడికిలి బియ్యం డబ్బా ఖాళీ! వండిన ప్రతి పూటా ఒక్క పిడికెడు దేవుడికి తీసి పెట్టలేని ఇల్లు ఏం ఇల్లు? పైగా ఆ గుమ్మం ముందు నడిస్తే ఏదో పులిసిన వాసన. సారా కాస్తోందని నా నిశ్చయం. కొడుకు లియానా షిల్లాంగ్‌లో మేస్త్రీ పనికి పోయాడు కదా, అడిగేవాడు లేడు. పాపం చూసి ఊరుకున్నవాడికీ అందులో వాటా ఉందని మొన్న ఒక కరపత్రంలో చదివాను. అందుకే ఆమె పేరు గుడిలో చదివి, సభ్యత్వం తీసేయాలని తీర్మానం రాశాను. జతచేశాను. మీరు సంతకం పెడితే చాలు.

సత్యం కోసం నిలబడిన,
రిన్‌సంగా
(యువజన సంఘం కార్యదర్శి)

తా.క.: సారా వాసన ఎలా ఉంటుందో మీకు తెలిస్తే రాయండి. నాకు తెలియదు.

*

ఐజోల్,
గురువారం

గుండె మండుతున్న మేనల్లుడికి, మోకాలు మండుతున్న మామయ్య దీవెనలు.

తీర్మానం చూశాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. సంతకం మాత్రం పెట్టను.

ఒరేయ్, వీధిలో నిలబడి ముక్కుతో మనుషుల్ని తూచకు. వెళ్లి ఆవిడ పొయ్యి దగ్గర కూర్చో. నోరు తెరవకు. నువ్వు నోరు తెరిస్తే కరపత్రమే బయటికొస్తుంది. ఆవిడంతట ఆవిడ మాట్లాడేదాకా అలాగే కూర్చో.

ప్రేమతో,
మామయ్య

తా.క.: సంఘపెద్దను కాబట్టి సారా వాసన నాకు తెలియకూడదు. పక్క మంచం ఆయన నిపుణుడే. "వాసన చూపిస్తే చెబుతాను గాని, ఉత్తరం చదివి చెప్పలేను" అంటున్నాడు.

*

హ్మార్‌త్లాంగ్,
మంగళవారం

నన్ను ఊరందరి ముందూ నిలబెట్టిన మామయ్యకు, అయినా సరే, వందనాలు.

మీరు నిఘా పెట్టమన్నారని నాకు అర్థమైంది. నిఘాకు ఒక్కడు చాలడని యువజన సంఘం నుంచి ఎనిమిదిమందిని వెంటబెట్టుకుని సాయంత్రం వెళ్లాను. మీరు చెప్పినట్టే నోళ్లు మూసుకుని పొయ్యి చుట్టూ కూర్చున్నాం.

కుర్రకారంతా పిలవకుండా ఒకింటికి వచ్చి, పొయ్యి చుట్టూ మాటాపలుకూ లేకుండా కూర్చునేది ఆ ఇంట్లో చావు జరిగినప్పుడే. అది నాకు తెలియక కాదు. ఆ సమయానికి తట్టలేదు.

పిన్ని మా ముఖాలు ఒక్కొక్కటే చూసింది. "లియానాయేనా?" అంది. మీరు తెరవొద్దన్నారని నేను నోరు తెరవలేదు. ఆమె పెట్టిన కేకకి ఊరంతా పరిగెత్తుకొచ్చింది. "ఎవరూ పోలేదు!" అని నేను అరుస్తుంటే, జాంగి మామ్మ నా వీపు నిమిరి, "తట్టుకోలేకపోతున్నాడు బిడ్డ" అంది. డోలు వచ్చింది. కట్టెలు వచ్చాయి. ఇంటికో గిన్నె బియ్యం వచ్చింది. ఇద్దరు గునపాలు పట్టుకొచ్చి గొయ్యి కొలత అడిగారు!

చివరికి బల్ల ఎక్కి, "లియానా బతికే ఉన్నాడు, ప్రభువు సాక్షి!" అన్నాను. అంతా సద్దుమణిగింది.

"మరైతే మీరంతా ఎందుకు కూర్చున్నారు నాయనా?" అంది పిన్ని.

అంతమందిలో నిఘా అని ఎలా అనను? "మీరు గుడిలో కనబడటం లేదని" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, కొడుకు కోసం ఏడ్చినదానికంటే ఎక్కువ ఏడ్చింది. కొండచేను ఎలుకలపాలయ్యాక ఆమె ఇంట్లో గింజ లేదు. పిడికెడు లేని చేతులతో గుడికి రావడం సిగ్గట. ఆ వాసన, చేదు పోవడానికి నీళ్లలో నానబెట్టిన అడవిదుంపలది.

సరే, ఆమెను వదిలేశాను. మిగతా ఖాళీ డబ్బాల వాళ్లను వదలను. ఎలుకలు మా చేనూ తిన్నాయి. అయినా మా అమ్మ పిడికిలి ఒక్క పూట తప్పిందా? నా పళ్లెంలో అన్నం ఒక్క ముద్ద తగ్గిందా? మనసుంటే అవుతుంది. ఈ ఆదివారం ఖాళీ డబ్బాల వాళ్లందరినీ గుడిలో లేపి కారణం అడుగుతాను. మా అమ్మను పక్కన నిలబెట్టి, "ఈమెను చూసి నేర్చుకోండి" అంటాను.

వెనక్కి తగ్గని,
రిన్‌సంగా

తా.క.: గునపాల వాళ్లకు ఉత్త చేతులతో పోవడం ఇష్టం లేక, పిన్నికి మరుగుదొడ్డి గుంట తవ్విపెట్టి వెళ్లారు.

*

ఐజోల్,
శుక్రవారం

రిన్‌సంగాకు మామయ్య ఆత్రంగా రాసేది.

ఈ ఉత్తరం తెచ్చే జీపు డ్రైవరు హారన్ కొడుతున్నాడు. మీ అమ్మను గుడిలో నిలబెట్టకు. ఆదివారం లోపల ఇంకొక్క పొయ్యి దగ్గర కూర్చో. మీ ఇంటిదే. రోజూ నువ్వు తిని చెయ్యి కడుక్కుని మీటింగుకి పోతావు చూడు, ఆ వేళ పోకు. అక్కడే ఉండు.

మామయ్య

తా.క.: ఈసారి ఒక్కడివే వెళ్లు. ఎనిమిదిమంది వద్దు.

*

హ్మార్‌త్లాంగ్,
ఆదివారం

మామయ్యకు, మీ రిన్‌సంగా.

నిన్న అన్నం తిని లేవలేదు. "మీటింగు లేదా?" అంది అమ్మ. లేదన్నాను. "పాటల సాధన?" అదీ లేదన్నాను. "కరపత్రాలేమైనా చదువుకోరాదూ!" అంది. కదల్లేదు. అమ్మ పందులకు మేత వేసొచ్చింది, కట్టెలు సర్దింది, సర్దిన కట్టెలే మళ్లీ సర్దింది. ఆఖరికి, "ఆకలేస్తోందిరా, లేచి పో!" అని అరిచింది.

"నువ్వు తింటే నేనెందుకు పోవాలి?" అన్నాను.

మూత తీసింది. అడవిదుంపలు.

వానాకాలం నుంచీ ఇంట్లో ఒక్క మనిషికే బియ్యం వండుతోందట. అందులోంచే దేవుడికి పిడికెడు. ఆ ఒక్క మనిషిని నేను. నానబెట్టే కుండ పందుల దొడ్డి వెనక దాచింది, నా ముక్కుకు భయపడి! "నీకు తెలిస్తే నా పేరూ గుడిలో చదువుతావేమో అనుకున్నానురా" అంది. నవ్వుతూనే అంది. మామయ్యా, అది నవ్వులాట కాదు.

ఇవాళ గుడిలో అందరికంటే ముందు నేనే లేచాను. "కార్యదర్శి ఇంటి నుంచి ఈ వారం బియ్యం రాదు. ఉన్నది మా అమ్మ తింటుంది. పిడికెడు దుంపలు తెచ్చాను, పుచ్చుకోండి" అన్నాను. అప్పుడు దార్తంగి పిన్ని లేచి, "మా ఇంటివీ దుంపలే" అంది. తర్వాత వరసకొకరు లేచారు. చివరికి కూర్చున్నవాళ్లే తక్కువ. గుడిలో పోగైన బియ్యం ఈ ఏడు అమ్మకానికి కొండ దిగదని, ఖాళీ డబ్బాల ఇళ్లకే పోతుందని పాస్టరుగారు అక్కడికక్కడే ప్రకటించారు. తీర్మానం నేనే రాశాను. ఇది మాత్రం మీరు సంతకం పెట్టాల్సిందే. పెట్టకపోతే మీ మంచం దగ్గరికొచ్చి కూర్చుంటాను.

మీ,
రిన్‌సంగా

తా.క.: ఇప్పుడు అమ్మా నేనూ కలిసే తింటున్నాం. ఆమెకు అన్నం, నాకు దుంప. గొంతు దిగడం లేదు మామయ్యా. అమ్మ నా ముఖం చూసి, "మొదటి నెల అంతేరా, తర్వాత అలవాటవుతుంది" అంది.