ఎండా, సూదీ, ఎడమ కన్నూ

రాజంపేట, 8 ఏప్రిల్ 2006
ఈ వారం సూది అయిపోయింది. తొడకు వేసింది మా ఆయనే. ఈ జబ్బుకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అని పేరు పెట్టినాక రెండు దెబ్బలు తిన్నా — ఒకసారి కాలు, ఒకసారి ఎడమ కన్ను. మూడోది రాకుంటే చాలు.

9 ఏప్రిల్
జ్వరం, ఒళ్లునొప్పులు. అత్త అన్నం పెట్టదు. లంఖణం పరమౌషధం. "మందేస్తే జరం పోవల్ల గానీ, వస్తాదా యాడన్నా?" వారం వారం ఇదే పాట. ఆకలికి కోపం వస్తోంది.

12 ఏప్రిల్
కడప డాక్టరమ్మ దగ్గరికి, అత్తను వెంటబెట్టుకుని. ఓపిగ్గా చెప్పింది — ఒంట్లో కాపలా కణాలు దారి తప్పి, మన నరాల మీది పొరనే శత్రువనుకుని కొరుకుతున్నాయట. ఈ సూదిలోని ఇంటర్‌ఫెరాన్ వాటి దూకుడు తగ్గిస్తుంది, మెదడులోకి చొరబడకుండా అడ్డుకుంటుంది. జలుబు చేస్తే ఒళ్లు తానే తయారుచేసుకునే సరుకు లాంటిదే, అందుకే జ్వరం. పోయినదాన్ని తిరిగి తెచ్చివ్వలేదు గానీ, కొత్త దెబ్బలు తగ్గిస్తుంది.
అత్త అంతా విని — "అయితే అన్నం పెట్టచ్చునా అమ్మా?"
బస్సులో దారి పొడుగునా నవ్వుకున్నా.

6 మే
పొద్దున్నుంచీ కరెంటు లేదు. ఫ్రిజ్‌లో సూది చెడిపోతుందని అత్త ఐసుగడ్డల మధ్య పూడ్చిపెట్టింది. తీసేసరికి మందు గడ్డకట్టింది. డాక్టరమ్మ ఫోన్లో — పారెయ్యండి, ఇక పనికిరాదు. కొత్తది మద్రాసు నుంచి రావాలి.
"సల్లగుండల్లన్నారు కదమ్మా… ఇంకా సల్లగుంటే మంచిదనుకుంటి."
శానా కోపం వచ్చింది. మింగేశా. "పోనీలే అత్తా."

10 మే
ఒక్క వారం తప్పితే ఏం కాదట. కాదు కదా…

13 మే
సూది వచ్చింది, వేసుకున్నా. జ్వరం. అత్త వేడన్నంలో చారు పోసి కలిపి పెట్టింది. ప్రాణం లేచొచ్చింది.

16 మే
మధ్యాహ్నం మా చీరల అంగట్లో పెళ్లి బేరం. ఎర్ర పట్టుచీర విప్పితే ఎడమ కంటికి వెలిసిన ఇటుక రంగు. కుడి కంటికి బాగానే ఉంది. ఎండకు ఒళ్లు కాగితే పాత దెబ్బ వల్లే చూపు మసకేస్తుంది, చల్లబడితే పోతుంది, రోజు దాటినా ఉంటే కొత్తది — అని డాక్టరమ్మ ముందే చెప్పింది.
"ఎండేలే. ఊరంతా కాగిపోతాండాది" — ఆయన. ఆయన గొంతులోనూ ధైర్యం లేదు. తడిగుడ్డ కప్పుకుని పడుకున్నా.

17 మే, పొద్దున
కాస్త చల్లగాలి. అత్త ఆ చీరే తెప్పించి కిటికీ దగ్గర పట్టుకుంది. "ఏం రంగు చెప్పమ్మా."
కుడి కన్ను మూసుకున్నా. నిన్నటి మీద ఎరుపే… ఎరుపేనా? అత్త చెయ్యి దించడం లేదు. ఇంకాసేపు చూస్తా.