తొమ్మిది మొనల సూది

పుంగనూరు,
3-9-2004

ప్రియమైన గిరికి,

అక్క ఆశీస్సులు. నా కాంపౌండరు మల్లప్ప ఈ ఉత్తరంతోపాటు నీకు ఒక ఐసు డబ్బా ఇస్తాడు. అందులోని సీసాలో నాలుగు చుక్కల ఆవు రక్తం ఉంది. చచ్చిన ఆవుల నుంచి పోలీసుల కోసం నేను తీసినదాంట్లో మిగిలింది అంతే.

రెండు వారాల కిందట సోమల దగ్గరి ఒక పల్లెలో పదకొండు ఆవులు ఒక్క పూటలో చచ్చిపోయాయి. ముందురోజే నేను వెళ్లి, మంద మొత్తానికి ఒళ్లంతా గోమార్ల మందు పట్టించి వచ్చాను. అప్పుడు అన్నీ బాగానే ఉన్నాయి. తెల్లారేసరికి నోట నురగ, వణుకు. నేను చేరేలోపే ఏడు పడిపోయాయి.

నాలుగు ఆవులు పోయిన చౌడప్ప, మంగమ్మ మీద కేసు పెట్టాడు. "మా ఆవులు దాని తమాటా తోట తొక్కినాయని పగబట్టినాది. తొట్లో పురుగుల మందు కలిపినాది" అంటాడు. ఆమెది ఒంటరి బతుకు, అరెకరం తోట. ఇంట్లో పోలీసులకు పురుగుల మందు దొరికింది, దాని పేరు ఐసు డబ్బా మీద రాశాను. ఇప్పుడు మదనపల్లె సబ్‌జైల్లో ఉంది. పోలీసులు పంపిన రక్తం చాలలేదని, ఏమీ తేల్చలేమని పరీక్షశాల జవాబిచ్చింది. మళ్లీ వాయిదా 30న.

జీపెక్కిస్తుంటే మంగమ్మ నా వైపు తిరిగి, "డాక్టరమ్మా, నువ్వన్నా సెప్పమ్మా" అంది. నేనేం చెప్పను?

విషం కొంచెం ఉన్నా పట్టుకునే సూది చేస్తున్నానన్నావు కదా. ఎస్టీడీ బూతులో నలుగురి ముందు మాట్లాడే సంగతి కాదు. ఉత్తరమే రాయి.

నీ అక్క,
మాధవి

కుప్పం,
8-9-2004

ప్రియమైన అక్కా,

సీసా భద్రంగా ఉంది. కానీ సూది ఇంకా సిద్ధం కాలేదు.

మామూలుగా ఒకే గాజుమొన ఉంటుంది. దానికి కరెంటు పెడితే ద్రవం సన్నటి తుంపరై బెంగుళూరులోని యంత్రంలోకి పోతుంది. ఆ యంత్రం ఒక్కో అణువునూ తూకం వేసి, అదేమిటో చెబుతుంది. కానీ తుంపరలో చాలా భాగం దారిలోనే వృథా. అదే ద్రవాన్ని తొమ్మిది మొనలకు పంచితే తుంపర ఇంకా సన్నబడి, ఎక్కువ లోపలికి చేరుతుంది. మొనలను యాసిడ్‌లో అరగదీసేటప్పుడు లోపల నీళ్లు పారిస్తూ ఉండాలి, లేకపోతే రంధ్రం పెద్దదైపోతుంది. అది కుదిరింది. కుదరనిది ఇంకొకటి. మూడు వరుసల్లో పెడితే బయటి మొనలే చిమ్ముతున్నాయి. మధ్యది కారిపోతోంది.

కాలేజీ అయ్యాక రోజూ ఇదే పని. ఈ వారం రెండు సూదులు విరిగాయి. ఒక్కసారి తప్పినా ఒక చుక్క పోతుంది. అందుకే చేయి వేయడానికి భయంగా ఉంది.

నీ తమ్ముడు,
గిరిబాబు

పుంగనూరు,
13-9-2004

ప్రియమైన గిరీ,

నిన్న మదనపల్లె వెళ్లి మంగమ్మను చూశాను. రెండు రోజులుగా అన్నం ముట్టలేదట. "నా తోటకి నీళ్లెవరు కడతాండారమ్మా?" అని అడిగింది. ఊళ్లోవాళ్లు మొక్కలన్నీ పెరికేశారని చెప్పలేకపోయాను.

నీ చదువు నాకు తెలియదు గానీ, ఎండకు మంద గుంపుగా నిలబడితే గాలి బయటివాటికే తగులుతుంది. మధ్యలోవి ఉడికిపోతాయి. నీ మొనలకూ అంతేనేమో. మధ్యలో ఏదీ లేకుండా పెట్టి చూడరాదా?

తొందరగా తేల్చు నాయనా.

అక్క

కుప్పం,
19-9-2004

ప్రియమైన అక్కా,

తొమ్మిదింటినీ గుండ్రంగా పెట్టాను. తొమ్మిదీ సమానంగా చిమ్మాయి. నిన్న బెంగుళూరు వెళ్లి రెండు చుక్కలు పరీక్షించాను.

మంగమ్మ ఇంట్లో దొరికిన పురుగుల మందు ఆ రక్తంలో లేదు. మూడుసార్లు వెతికాను. వేరొకటి ఉంది.

అదేమిటో చెప్పేముందు ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. ముందురోజు నువ్వు పట్టించిన మందు ఏది? ఆ బాటిలే పంపు.

గిరి

పుంగనూరు,
22-9-2004

గిరికి,

తొమ్మిదేళ్లుగా వాడుతున్న మందే. బకెట్టుకు రెండు మూతలు, కళ్లు మూసుకుని కలపగలను. నిన్ను వేలు పట్టుకుని బడికి తీసుకెళ్లిన అక్కని నువ్వు అనుమానిస్తున్నావా?

బాటిల్ మల్లప్ప తెస్తాడు. చూసుకో.

మాధవి

కుప్పం,
25-9-2004

ప్రియమైన అక్కా,

బెంగుళూరు నుంచి రైల్లో వస్తూ మొదలుపెట్టాను, ఇంటికొచ్చి ముగిస్తున్నాను. రక్తంలో ఉన్నదీ ఈ బాటిల్లో ఉన్నదీ ఒకటే, అదీ ఆవును చంపేంత ఉంది. సూదిలో ముందు పెట్టిన మందు మిగిలిపోయిందేమోనని మధ్యలో ఉత్త నీళ్లు పంపి చూశాను. శుభ్రంగా ఉంది. తరువాత మళ్లీ ఒక రక్తం చుక్క పెట్టాను. మళ్లీ అదే వచ్చింది.

బెంగుళూరులో ఒక మందుల షాపులో పాత రకం బాటిల్ కూడా చూశాను. కంపెనీ పేరు అదే, ఎర్రమూత అదే. కింద చిన్న అక్షరాల్లో ఉన్న బలం మాత్రం పాతదానికి నాలుగింతలు.

ఈ సంగతి ఇంకెవరికీ చెప్పలేదు. 30న పది గంటలకు కాగితాలతో మదనపల్లె కోర్టు దగ్గర ఉంటాను. నువ్వొస్తే నీ వెనక నిలబడతాను. రాకపోతే నేనే లోపలికి పోయి చెప్పాల్సి వస్తుంది. అక్కా, నాతో ఆ పని చేయించొద్దు.

నీ తమ్ముడు,
గిరి

పుంగనూరు,
1-10-2004

ప్రియమైన గిరీ,

నిన్న కోర్టులో నీతో మాట్లాడలేకపోయాను. ఒకటి రాయాలి.

నీ ప్రశ్న వచ్చిన రోజే నేను ఆ బాటిల్ చదివాను. అంతా తెలిసే నీకు కోపంగా రాశాను. పాత బాటిల్ ఒకటి బీరువాలో ఉంది. దాన్నే పంపుదామని చేతిలోకి తీసుకున్నాను. మల్లప్ప సంచి తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. "ఏదమ్మా?" అన్నాడు. పాతది మళ్లీ బీరువాలో పెట్టేశాను. కొత్తదే వేశాను.

జడ్జిగారి ముందు నేను చెప్పినంతసేపూ చౌడప్ప నేల చూస్తూనే ఉన్నాడు. బయటికి వచ్చాక, "మా ఇండ్లకాడికి ఇంక రావద్దమ్మా" అన్నాడు. అంతే. నా మీద కేసు ఏమవుతుందో తెలియదు. క్లినిక్ మూసేశాను.

నువ్వు కుప్పం బస్సెక్కాక మంగమ్మ జైలు నుంచి బస్టాండుకు వచ్చింది. నన్ను చూసి ఆగింది. "నువ్వు సెప్పకుంటే ఎవురికి తెలిసేది? యాల సెప్పినావు?" అని అడిగింది. మనస్సాక్షి ఊరుకోలేదని అందామనుకున్నాను.

"మా తమ్మునికి తెలిసిపోయిందమ్మా" అన్నాను.

ఆమె తలాడించింది. పుంగనూరు మీదుగా పోయే సోమల బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటు ఖాళీగా ఉంది. నేను మెట్టు మీద కాలు పెట్టేసరికి, ఒళ్లోని మూట తీసి ఆ సీట్లో పెట్టింది.

నేను తరువాతి బస్సుకు వచ్చాను.

నీ అక్క,
మాధవి