గొర్రెలు లేని కొండ

2024 ఫిబ్రవరి 6

హనుమంతరాయప్ప మేష్టరు నిడుగల్లు నుంచి బస్సెక్కి వచ్చాడు. ఆయన పుస్తకం కంపోజింగ్ అయిపోయింది. పేరు 'గొర్ల దోవ'. వాళ్ల నాయన, తాత మందలు తోలుకుపోయిన దారుల కథలు. ఆ దారుల్లో కొన్నిటికి ఇప్పుడు సోలార్ ప్లాంట్ల కంచెలు అడ్డం. మార్చి పదిన విడుదల. కవర్ కావాలి.

సుధామణి మొదలుపెట్టింది ఉండాది గదా, దాన్నే ముగించప్పా అన్నాడు. కాఫీ తాగి, గ్లాసు తనే కడిగిపెట్టి వెళ్లిపోయాడు. మంచి మనిషి.

ఫిబ్రవరి 7

షీట్ మీది గుడ్డ తీశాను. నిడుగల్లు కొండ, కింద ఎర్ర నేల. పైన సగం ఖాళీ. ఆ ఖాళీ నాకు. పెళ్లయిన నాటి నుంచి మా పని ఇట్లే. వాటర్ కలర్ నా భార్య సుధామణిది, అక్షరాలు నావి. గొర్రెలు చివర్లో వేస్తానంది. అక్టోబరులో పోయింది.

మళ్లీ గుడ్డ కప్పాను.

ఫిబ్రవరి 9

అక్షరాలతో మొదలుపెడితే తేలిక అనుకున్నాను. టైటిల్ రాసుకుని హొసకోటకు వెళ్లాను. సుధామణి అన్న కూతురు శిల్పశ్రీ అక్కడ డీటీపీ సెంటర్ నడుపుతుంది. చూసి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. మామా, ముట్టుకుంటే షాక్ కొట్టేట్టుంది అంది.

నిజమే. ఈ మధ్య తిరుమణి సోలార్ ప్లాంట్లకు డేంజర్ బోర్డులు తప్ప ఏమీ రాయలేదు. చెయ్యి దానికే అలవాటు పడింది. 'గొర్ల దోవ' కింద పుర్రె బొమ్మ ఒక్కటే తక్కువ.

ఫిబ్రవరి 12

షీట్ స్కాన్ చేయించాను. శిల్పశ్రీ నెట్‌లోంచి గొర్రెలు తెచ్చి కొండ కింద దించి మేష్టరుకు వాట్సాప్ పెట్టింది. వెంటనే ఫోన్. ఇవి యాడి గొర్లమ్మా, పరుపుల మాదిరి ఉండాయి, ఇంత ఉన్నేసుకుని మా కొండెక్కితే సగం దోవలోనే ఉడికి సస్తాయి అన్నాడట. మనవి నల్లవి, బక్కవి అని కూడా చెప్పాడట.

చెడిపోయినా స్కాన్ ఉండాదిలే మామా, ఇంక భయమేల, కాగితం మీద నువ్వే వెయ్యి అంది.

స్కాన్ ఉంది. సుధామణి ఫొటో కూడా ఉంది.

ఫిబ్రవరి 15

వేరే కాగితాల మీద గొర్రెల ప్రాక్టీస్. పక్కింటి సుంకమ్మ మంద తోలుకుపోతూ ఆగింది. కుక్కలు బాగుండాయి ప్రకాశన్నా అంది.

ఫిబ్రవరి 16

ఈరోజు పందులు అంది. దగ్గరికి వస్తున్నాను.

ఫిబ్రవరి 21

తడి కాగితం మీద ఇంక్ చుక్క పడింది. తిట్టుకుంటూ గుడ్డ కోసం వెతికేలోపే పాకింది. నల్లటి ముద్ద, చుట్టూ నూగు. గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. గొర్రె. ఉన్నితో సహా.

ఇంక్ పాకకుండా చూసుకోవడమే ఇన్నాళ్లూ నా వృత్తి.

ఇంకోటి వేయబోతే రాలేదు. అప్పటికే కాగితం ఎండిపోయింది. ఇక్కడి గాలి అంతే. సుధామణి పొద్దు పొడవకముందే రంగులు ముందేసుకునేది. మొహమైనా కడుక్కోకుండా ఈ పనేంటి అనేవాణ్ని. ఇందుకన్నమాట.

ఫిబ్రవరి 23

రెండు రోజులుగా చీకటితో లేస్తున్నాను. ఈరోజు చిన్న మంద తయారైంది. సుంకమ్మ చూసింది. గొర్లు అంది. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చింది. తోకలు ఎవరెత్తుకపోయిరి అంది.

సన్న పెన్నుతో తోకలు పెట్టాను.

ఫిబ్రవరి 26

శిల్పశ్రీ ఆ మందను స్కాన్ చేసి కొండ కింద పెట్టింది. స్టిక్కర్లు అతికించినట్టుంది. ఇంక్ పాకింది వేరే తడిలో, ఈ నేలలో కాదు. ఇద్దరికీ తెలిసింది. శిల్పశ్రీ ఫైలు మూసేసింది. హోటల్లో ఉగ్గాని తిని బస్సెక్కాను.

ఒకటో తేదీకి కవర్ హిందూపురం ప్రెస్‌కు చేరాలి.

ఫిబ్రవరి 27

ఆమె వేసిన నేలనే తడపాలి. తడిపితే రంగు లేస్తుంది. ఎంత లేస్తుందో తెలియదు. గుడ్డ తీశాను. కప్పాను. తీశాను.

ఫిబ్రవరి 28, ఉదయం 5.40

ఇస్త్రీకి వాడే స్ప్రే బాటిల్‌తో కొండ కింద మాత్రం తడిపాను. ఒక్క నిమిషం ఏమీ లేదు. తర్వాత ఎరుపు కదిలింది. అక్టోబరు నుంచి అట్లాగే ఉన్న రంగు, ఆమె ఇప్పుడే వేసి లోపలికి వెళ్లినట్టు కదిలింది. ఒక మూల కిందికి జారింది కూడా. నేను ఆపలేదు.

ఇంక్ వదిలాను. పాకింది. నలుపులోకి ఆమె ఎరుపు వచ్చి చేరింది. దుమ్ములో నడిచే మంద.

ఎండ తగిలేసరికి ఆరిపోయింది. పైకే నవ్వానేమో, గోడ అవతల నుంచి సుంకమ్మ ఏందన్నా, ఏమాయ అని కేకేసింది. గొర్లు వచ్చినాయి అన్నాను.

తర్వాత అక్షరాలు. సన్న బ్రష్, తేలికపాటి తలకట్లు. డేంజర్ ఏమీ లేదు.

ఫిబ్రవరి 29

లోపలి పేజీలో పేర్లు ఎట్లా వేయాలని శిల్పశ్రీ అడిగింది. బొమ్మ: సుధామణి, ప్రకాశ్. అక్షరాలు: ప్రకాశ్. ఇట్లా చెప్పాను. నీ పేరు రెండు దిక్కులా, మా అత్త ఉంటే ఒప్పుకునేదా మామా అంది.

ఒప్పుకునేది కాదు. అక్షరాల దగ్గర తీసేయించాను.

మార్చి 11

నిన్న విడుదలైంది. సుంకమ్మకు ఒక కాపీ ఇచ్చాను. చదవడం రాదు, కవరే చూసింది. వేలు పెట్టి, అందరికన్నా వెనకుండే ఈ కుంటిది మాదే, నీకెప్పుడు కనపడె అంది.

మొన్న చూశానన్నాను. అబద్ధం.

సాయంత్రం మంద తిరిగొచ్చే వేళకు వాకిట్లో నిలబడ్డాను. అన్నిటికన్నా వెనక, కుంటుతూ తీరిగ్గా వచ్చింది. నమస్కారం పెట్టాను.