గాలి తగలాలన్నారు

నవంబర్ 3

ఈ డైరీ వల్ల తెలుగు భాషకు జరగబోయే నష్టానికి ముందుగానే సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. బీటెక్ చదివినవాడి చేతికి పెన్ను ఇవ్వకూడదు. ఇచ్చారు.

నరసరావుపేటలో అక్కా వాళ్ళింట్లో గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్నాను. అంటే తింటున్నాను. కింద బావ కారం మిల్లు, పైన కాపురం. మేనకోడలు బిందుకు ఏడేళ్ళు. ఆటిజం, మాటలు రాలేదు. మిల్లు తిరగడం మొదలైతే చెవులు మూసుకుని గోడకు తల కొట్టుకుంటుంది. ఈరోజు నుదురు చిట్లింది. గుంటూరులో స్పెషల్ హాస్టల్ ఉందట, నెలాఖరుకు చేర్పిద్దామన్నాడు బావ. అక్క అన్నం కలిపి, తినకుండానే పళ్ళెం ముందు నుంచి లేచింది.

నవంబర్ 5

పాపను థెరపిస్ట్ షబ్నం మేడమ్ దగ్గరకు నేనే తీసుకెళ్ళాను. రోజూ కాసేపు ఆరుబయట వదలమన్నారు. గాలి తగలాలి, మట్టి తగలాలి, అప్పుడే మనసు కుదుటపడుతుందన్నారు. ఇంటికొచ్చి సంక్షిప్తంగా నివేదించాను: గాలి అన్నారు.

బావ వాళ్ళమ్మ హనుమాయమ్మ అత్తయ్య చేతిలో చేట కింద పెట్టేసింది.

"మొదటినుంచీ మొత్తుకుంటానే ఉండా, పిల్లకు గాలి సోకిందని. నా మాట ఎవురన్నా ఇన్నారంటయ్యా?"

ఆ గాలి వేరు, ఈ గాలి వేరు అన్నాను. డాక్టరమ్మే తేల్చాక మధ్యలో నువ్వెవరివంది. నా సంక్షిప్తత ఫలితం: రేపు దర్గాలో తాయెత్తు.

నవంబర్ 6

దర్గా ఊరి బయట. ఆటో చప్పుడు పాపకు పడదు కాబట్టి పత్తిచేల మీదుగా నడక. సగం దారిలో బిందు చెప్పులు విడిచి గట్టు మీద కూలబడింది. మట్టి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి పోసుకుంటూ చానాసేపు. ఏడుపు లేదు, అరుపు లేదు. ఇమాం సాహెబ్ తాయెత్తు కట్టి, దువా చదివి, నుదుటి మీద ఊదారు. రోజూ వచ్చి ఊదించుకోమన్నారు.

మళ్ళీ గాలే.

నవంబర్ 9

రోజూ గట్టు మీదుగా దర్గాకు నడక. పాప గోడ జోలికి పోవడం లేదు. ఎవరి గాలి పనిచేస్తోందో తెలియదు.

నవంబర్ 13

ముసురు. రెండు రోజులుగా గడప దాటలేదు. మెడలో తాయెత్తు ఉంది, అయినా సాయంత్రం నెత్తురొచ్చేలా కొట్టుకుంది. ఈ శాస్త్రీయ ఆధారాన్ని అత్తయ్య ముందు పెట్టాను. చెమ్మకు పవర్ తగ్గిందంది. బావ హాస్టల్‌కు ఫోన్ చేసి సీటు ఖాయం చేశాడు. అక్క పాప గౌన్లు మడతపెడుతోంది. మడిచినవే మళ్ళీ విప్పి మడుస్తోంది.

నవంబర్ 15

వాన తెరిపిచ్చింది. పంపేముందు ఒక్కసారి ఊదిద్దామని అత్తయ్య పట్టు. బావ మిల్లు ఆపి మొదటిసారి వెంట వచ్చాడు. గట్టంతా తడి. బిందు మట్టిముద్ద తీసి బావ అరచేతిలో పెట్టింది. తీసుకుంది. మళ్ళీ పెట్టింది. తెల్ల ప్యాంటుతో బావ ఆ బురదలోనే చతికిలబడ్డాడు. అక్కడినుంచే హాస్టల్‌కు ఫోన్.

"మీ కాడ చేని గట్టు ఉందాండీ?"

టైల్స్ వేసిన హాలుందని, ఏసీ కూడా ఉందని వాళ్ళు చెప్పినట్టున్నారు. సీటు వద్దని పెట్టేశాడు.

నవంబర్ 16

తాయెత్తు అంటుంది అత్తయ్య. ఆరుబయట అంటారు మేడమ్. మిల్లు ఆపడమంటాడు బావ. నాకేమీ అర్థం కాలేదు. ఇన్ని రోజులూ ఆ గట్టు మీద పాప పక్కన నేను చేసింది ఒక్కటే.

నోరు మూసుకుని కూర్చున్నాను.