మా దానికీ అదే పెట్టా

జగ్గయ్యపేట, 2003 నవంబర్, మంగళవారం రాత్రి

నందిగామ బావ మొన్న నా కంప్యూటర్ స్పీడు పెంచుతానని ప్రాసెసర్ వోల్టేజ్‌ను కంపెనీ పెట్టిన 1.5 నుంచి ఏకంగా 1.7కి తీసుకెళ్లాడు. "మాడిపోదా బావా?" అంటే, "ఏం కాదురా, మా దానికీ అదే పెట్టా" అన్నాడు. అప్పటినుంచి పెట్టె కాలిపోతోంది.

ఇవాళ వాళ్ల పురుగుమందుల కొట్టుకి వెళ్లి, బావ బేరంలో ఉండగా వెనక గదిలో అతని కంప్యూటర్ సెట్టింగ్స్ తెరిచి చూశాను. 1.5! మళ్లీ తగ్గించుకున్నాడేమోలే అని సర్దిచెప్పుకోబోయాను.

ఇంతలో ముందు నుంచి ఎవరో రైతు గొంతు: "ఈ కొత్త మందు కొడితే మిర్చి మాడదు గదా?"

"ఏం కాదండి, మా చేలో కూడా అదే కొట్టాం," అన్నాడు బావ.

ఇంటికి రాగానే వోల్టేజ్ దించేశాను. వాళ్లకసలు చేనెక్కడిది?