సుధకని కుట్టిన తప్పెట పట్టీ

పజుండౌంగ్, యాంగోన్

చెల్లి సుధకు,

అప్ప దీవించి రాస్తున్నది. ఇక్కడ నాన్న బాగున్నాడు, తమ్ముడు హరి బాగున్నాడు, నా కుట్టుమిషను కూడా బాగుంది. నా సంగతి చివర్లో రాస్తాను. ఆ ఐర్లాండు చలిలో నువ్వు కులాసాగా ఉన్నావని ఫొటోలోనే తెలిసింది. ఫోనులో మాట్లాడదామంటే నాన్న పక్కనుంచి కదలడు. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపుతున్నాను. నా రాత చూసి నవ్వకు.

నీ ఫొటో చూసి నాన్న సంతోషించాడా అని అడిగావు. సంతోషించడమేమిటి? ఆ వాయిద్యాలు చేసే ముసలాయన దుకాణంలో నువ్వు ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఫొటో ఉంది చూడు, దాన్ని పట్టుకుని ఊరంతా తిరిగాడు. గుడి దగ్గర చూపించాడు, టీ కొట్లో చూపించాడు, నది దాటి దలా వెళ్ళే పడవలో పక్కన కూర్చున్న చేపలామెకు కూడా చూపించాడు. ఆవిడకు తెలుగు ముక్క రాదు, అయినా వదల్లేదు. "మా సిన్నది. ఐర్లాండులో తప్పెట వాయిస్తంది," అని ఒకటే చెప్పడం. అది తప్పెట కాదు, బౌరాన్ అంటారట అని నేను సరిదిద్దబోతే, "గుండ్రంగా ఉంది, ఒక పక్క మేక తోలుంది, ఇంకేటి కావాల?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మన తప్పెటగుళ్ళ జట్టులో ఆడది తప్పెట కట్టకూడదన్న మనిషి ఎవరు? చిన్నప్పుడు ఒకసారి గుండెల మీద కట్టుకోబోతే గుడి మెట్ల మీద నా చేతిలోంచి లాక్కున్నది ఈయన కాదూ? తన మోకాళ్ళు పట్టేశాక ఆ తప్పెట ఎవరికిచ్చాడు? హరికి. వాడికి తాళం ఎక్కడ ఎత్తుకోవాలో ఇప్పటికీ తెలియదు. పండగొస్తే దాన్ని మోసుకెళ్ళేది నేను, వానొస్తే ప్లాస్టిక్ సంచిలో చుట్టేది నేను, తోలు సాగితే నిప్పుల సెగ చూపించి దారికి తెచ్చేది నేను. నువ్వేమో చిన్నప్పుడు ఆ తోలు వాసనకే ముక్కు మూసుకునేదానివి. ఆ రోజు ఉండబట్టలేక అడిగేశాను, "మరి నా సంగతేటి నాన్నా?" అని.

"నువ్వు మోస్తావు కదే. నువ్వు మొయ్యకపోతే మాకెవలు మోస్తారు?" అన్నాడు. నన్ను మెచ్చుకున్నాననే అనుకున్నాడు పాపం.

సరే, నీ వాయిద్యం సంగతికి వస్తాను. నీకు నచ్చిన రెండిట్లో ఒకటి వెడల్పుగా ఉండి అంచు సన్నగా ఉందన్నావు, రెండోది చిన్నదై అంచు లోతుగా ఉందన్నావు. వెడల్పుదే తీసుకో. ఒళ్ళో నిలబెట్టి, వెనకనుంచి ఎడమ చెయ్యి పెట్టి, తోలుకు అరచెయ్యి ఆనిస్తారని రాశావు కదా. అలా పెట్టినప్పుడు మోచెయ్యి హాయిగా వంగాలి, అంచు చంకలో ఒరుసుకోకూడదు. మీ ఊళ్ళో రోజూ వానే అంటున్నావు, కాబట్టి తోలు బిగించుకునే మరలున్నదే మేలు, కాస్త బరువైనా సరే. బరువు చేత్తో ఎత్తి తూచకు. భుజాన వేసుకుని ఆ దుకాణంలోనే కాసేపు నడిచి చూడు, భుజమే చెబుతుంది.

బస్సులో ఎలా తీసుకెళ్ళాలని కంగారు పడుతున్నావు. చేత్తో పట్టుకోకు, మెత్తటి సంచిలో పెట్టి వీపున వేసుకో. తోలు వైపు నీ వీపుకు ఉండాలి, చెక్క వైపు జనానికి ఉండాలి. ఎవరి మోచెయ్యి తగిలినా చెక్కకే తగులుతుంది. సీటు దొరికితే ముందుకు తిప్పి ఒళ్ళో పెట్టుకో. ఇంటికొచ్చాక హీటరు పక్కన మాత్రం పెట్టకు, తోలు పగులుతుంది. పట్టీ వెడల్పుగా లేకపోతే భుజం కోసుకుపోతుంది. అక్కడ పట్టీ కొనకు, నీ కోసం నేనే ఒకటి కుట్టాను. నా కుట్టు దుకాణంలో మిగిలిన మందపాటి గుడ్డ తీసుకుని, లోపల దూది పెట్టి, చంక దగ్గర నూలు బట్ట వేశాను.

ఇక నా సంగతి. పట్టీ కుట్టడం అయ్యాక ఎలా ఉందో చూద్దామని అద్దం ముందు వేసుకున్నాను. ఎక్కడా ముడత లేకుండా సరిగ్గా కూర్చుంది. నాకు. నువ్వు నా భుజం దాకానే వస్తావు సుధా. ఇన్నేళ్ళ కుట్టుపనిలో ఒకరి జాకెట్టు ఇంకొకరి కొలతకు కుట్టిన దాన్ని కాదు, నీ పట్టీ మాత్రం నా ఒంటికి కుట్టేశాను. కుడుతున్నంతసేపూ నాకు తెలియనే లేదు.

వెడల్పుది తీసుకోమని పైన రాసింది కూడా నా చేతిని కొలుచుకుని రాసిందే. ఆ ఫొటో చూసిన రోజు నుంచి దాన్ని నా ఒళ్ళో పెట్టుకునే ఊహించుకుంటున్నాను. నీ పొట్టి చేతులకు అది చంకలో ఒరుసుకుంటుంది, నడిస్తే వెనకనుంచి కాళ్ళకు కొట్టుకుంటుంది. నీది ఆ చిన్నదే, అదే తీసుకో. పైన రాసింది కొట్టెయ్యడం లేదు. నీ మీద నాకెంత కుళ్ళుగా ఉందో నీకు తెలియాలి. నువ్వు దుకాణంలో అడుగు పెడితే ఏది కావాలమ్మా అని నిన్ను అడిగారు. నన్ను ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.

పట్టీతో అద్దం ముందు ఉండగానే నాన్న వచ్చాడు. సుధకేనా అని అడిగాడు. కాదు, నాకే అన్నాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. దగ్గరకొచ్చి, జట్టులో వాళ్ళకు కట్టే ముందు చూసినట్టే భుజం మీద పట్టీ లాగి చూశాడు. బకిలు ఒక రంధ్రం బిగించాడు. ఖాళీగా వేలాడుతున్న కొసలు చేతిలోకి తీసుకున్నాడు.

"మరి తప్పెటేదే?" అన్నాడు.

అందుకని ఈ పట్టీ నీకు పంపడం లేదు. నీ కొలతలు రాస్తే వేరేది కుట్టి పంపుతాను. ఆ వెడల్పుదాన్ని ఇంకెవరైనా కొనుక్కుపోయేలోగా, వెనక వైపు బాగా కనిపించేలా ఒక ఫొటో తీసి పంపు. ఇక్కడ కాలువ పక్కన తోలు బిగించే జోగికి చూపించి అలాంటిదే ఒకటి చేయించుకోవాలి. ఈసారి అమ్మవారి పండగకు హరి తప్పెట హరే మోసుకుంటాడు. నా చేతులు ఖాళీగా ఉండవు.

ఇట్లు,
నీ మీద ఇంకా కుళ్ళు తీరని
నీ అప్ప సూర్యావతి