పెరిగే పిల్లకు కొన్న విల్లు

బీర్‌గావ్, రాయ్‌పూర్

అక్కకు నమస్కారాలు. మేమందరం కులాసా. నీ మోకాలి నొప్పి తగ్గిందో లేదో రాయి. ఇక్కడ వానలు తెరిపిచ్చాయి. మిల్లులో నాకు పగటి డ్యూటీ వేశారు. గోంగూరను ఇక్కడ ఖట్టా భాజీ అంటారు, సంతలో బాగానే దొరుకుతోంది. తిండికి లోటు లేదు, నువ్వు బెంగ పెట్టుకోకు.

బెంగంతా మా సరళ గురించే. హిందీ రాక, వచ్చినప్పటి నుంచి బడిలో నోరు విప్పలేదు. పన్నెండేళ్ళ పిల్ల ఇంట్లోనూ మూగనోము పట్టింది. మైదానంలో విలువిద్యకు చేరాకే దాని మొహాన కాస్త నవ్వు చూశాం. అక్కడ మాటలతో పనిలేదు కదా.

మొదట్లో, అక్కడ నేర్పే గురూజీ ఇచ్చిన విల్లే వాడేది. సొంతది ఉండాలని ఒకాయన దగ్గర నేనే కొనుక్కొచ్చాను, పిల్లను వెంట తీసుకెళ్ళకుండా. పెద్దవాళ్ళ విల్లు. పెరిగే పిల్ల, రెండేళ్ళకి అదే సరిపోతుందనుకున్నాను. గౌన్లు వదులుగా కుట్టించే బుద్ధి కదా మనది. వారం తిరక్కుండానే కడుపునొప్పంటూ మైదానం మానేసింది. బద్ధకమని తిట్టాను అక్కా, అనరాని మాటలే అన్నాను.

ఆదివారం చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. విల్లెత్తగానే చెయ్యి వణికింది. గురూజీ చూసి, దాని పొడుగు చేతుల చొక్కా పైకి మడిచాడు. అల్లెతాడు తగిలి తగిలి ముంజేయి కమిలిపోయి ఉంది. ఎందుకు దాచావే అన్నాను.

"నువ్వు ఇష్టపడి కొన్నావు కదా నాన్నా, అందుకే చెప్పనేదు" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది.

గురూజీ దాని చేతులు బార చాపించి, ఈ వేలికొస నుంచి ఆ వేలికొసకు టేపుతో కొలిచాడు. దాన్నిబట్టి పొట్టిది, తేలికది తీశాడు. తాడు పెదవి కొసదాకా లాగి, తను పది లెక్కపెట్టేవరకు వణక్కుండా నిలిపితేనే అది నీ విల్లు అన్నాడు. నిలిపింది. తాడు చేతికి తగలకుండా నాలుగు మెలికలు వేసి కాస్త పొట్టి చేశాడు. బాణం తగిలించే చోట దారం ముడి నాచేతే కట్టించాడు. ఈ విల్లుకు గురి చూసే కడ్డీలేవీ ఉండవు, బాణం మొన వెంట చూడటమే. ఆరు బాణాల్లో నాలుగు గురి అట్టకు తగిలాయి. "ఏక్ బార్ ఔర్, గురూజీ" అని, ఇంకోసారి వేస్తానని, తనంతట తనే అడిగింది. దాని నోట హిందీ వినడం నాకదే మొదలు.

పెద్ద విల్లు తిరిగిచ్చేశాను. తప్పు నాదేనని పిల్లకు మాత్రం ఇంకా చెప్పలేదు. కన్నకూతురి ముందు నోరు రావడం లేదు.

బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. మమ్మల్ని చల్లగా ఉండమని నువ్వు దీవించు. ఈ ఉత్తరం అంటించకుండా సరళ చేతికే ఇచ్చి పోస్టు డబ్బాలో వెయ్యమంటున్నాను. తెలుగు చదవడం అది ఇంకా మరిచిపోలేదు.

నీ తమ్ముడు,
అప్పలనాయుడు